నాన్న వైపు బ్రేకు

"ఎవరు నేర్పారు దీనికి?"

టైలరమ్మ గొంతు పెద్దగా లేవలేదు. లేచి ఉంటే బాగుండేది. ఆమె అరిచిందంటే అరగంటలో చల్లబడుతుంది. గొంతు తగ్గించిందంటే మాత్రం ఆ ఇంట్లో కుర్చీలు కూడా సర్దుకుని కూర్చుంటాయి.

మాస్టారు ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నాయనమ్మ టీ కప్పులోకి తల దించేసుకుంది. ఆవిడకి తెలిసే ఉంటుందని నా అనుమానం. తెలియకుండా ఆ ఇంట్లో ఆకు కదలదు.

జరిగిందేమిటంటే, పొద్దున్నే తల దువ్వుతుండగా ఏడేళ్ళ గువ్వ ఉన్నట్టుండి ఇటు తిరిగింది. తల్లి మొహంలోకి తిన్నగా చూసింది.

"హలో. బాగున్నారా? నా పేరు గువ్వ. నాకు బొమ్మలంటే ఇష్టం. మీకేమంటే ఇష్టం?"

టైలరమ్మ చేతిలోంచి దువ్వెన జారిపోయింది. నీకేమిష్టమని ఈ పిల్ల తనను ఒక్కసారైనా అడుగుతుందా అని ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తోంది ఆ తల్లి. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నాకు నువ్వంటే ఇష్టం బంగారం," అంది.

గువ్వకి ఆ జవాబుతో పని లేదు. ఫ్రిజ్ వైపు తిరిగింది. "హలో. బాగున్నారా? నా పేరు గువ్వ. నాకు బొమ్మలంటే ఇష్టం. మీకేమంటే ఇష్టం?" అదే గొంతు, అదే నవ్వు. తర్వాత కుట్టుమిషన్ని కూడా అడిగింది.

ఆ పిల్లకి బొమ్మలంటే ఇష్టం లేదు. గుండీలంటే ఇష్టం. తల్లి కుట్టుపెట్టెలోని గుండీలన్నీ నేల మీద పరిచి, రెండు చిల్లులవి ఒక పక్క, నాలుగు చిల్లులవి ఒక పక్క పేరుస్తూ పొద్దంతా గడిపేస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరు నేర్పారు?"

"నేనే," అన్నారు మాస్టారు. "సాయంత్రాలు. ఆఖరి స్టూడెంటుని దింపేశాక, బండి పక్కకి ఆపి."

"ఎందుకు?"

"ఎందుకేమిటే? ఇవాళ పరీక్ష కదా. పరీక్షన్నాక తయారు చెయ్యొద్దా?"

ఆయన్ని తప్పు పట్టకండి. ఆయన నడిపేది డ్రైవింగ్ స్కూలు. స్టీరింగు చూస్తే చెమటలు పట్టేవాళ్ళని కూడా కూర్చోబెట్టి, బుజ్జగించి, లైసెన్సు చేతికిప్పించి పంపే మనిషి. మాస్టారి చేతికింద తయారైనవాళ్ళు తప్పరని పేరు. పరీక్ష అనే మాట చెవిన పడితే నేర్పించడం తప్ప ఇంకో ఆలోచన రాదు ఆయనకి.

"ఇది మీ డ్రైవింగ్ పరీక్ష కాదండీ," అంది టైలరమ్మ. "ప్యాసవడానికి వెళ్ళట్లేదు మనం. పిల్ల ఎలా ఉందో అలా చూపించడానికి వెళుతున్నాం. పెద్దాసుపత్రి వరుసలో పేరు రాయించి, వాళ్ళు పిలిచేలోపు పిల్ల పెద్దదైపోయేట్టుందనే కదా ఈ ప్రైవేటు క్లినిక్కు? ఆదివారాలు కూడా మిషను తొక్కాను దీనికోసం."

"చూపించి ఏం తెచ్చుకుంటావ్? ఆటిజం అని కాగితం మీద రాయించుకుని వస్తావ్. ఒకసారి రాశాక ఆ ముద్ర చెరుగుతుందా?"

"రాయకపోతే చెరుగుతుందా?"

మాస్టారు రెండో బూటు తొడుక్కోవడం మొదలుపెట్టారు. తొడుక్కోవడానికి అంతసేపు పట్టే బూటు కాదు అది.

బడిలో గంట కొడితే గువ్వ చెవులు మూసుకుని బల్ల కిందకి దూరిపోతుంది. బయటికి లాగితే కొరుకుతుంది. డాక్టరు రిపోర్టు తెస్తే పక్కన ఒక మనిషిని పెడతామనీ, గోల ఎక్కువైనప్పుడు కూర్చోడానికి ఒక చిన్న గది ఇస్తామనీ, తేకపోతే ఇక తమ వల్ల కాదనీ టీచరు చెప్పేసింది. చెడ్డ మనిషేం కాదు ఆ టీచరు. చెప్పేటప్పుడు ఆవిడ మొహం కూడా వాడిపోయింది.

"పోనీలేవే," అంది నాయనమ్మ, ఇక ఆగలేక. "మా వాడు మాత్రం? చిన్నప్పుడు మనిషి మొహం చూసేవాడా? గుమ్మంలో ఎవరైనా కనబడితే మంచం కిందకి పోయేవాడు. నేను కూర్చోబెట్టి నేర్పలేదూ? దారికి రాలేదూ? ఇవాళ వాడే పదిమందికి మాస్టారు."

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి."

"ఊరుకున్నానమ్మా. నా మాట ఎవరిక్కావాలి ఈ ఇంట్లో," అని ఆవిడ టీ కప్పుకి చెప్పుకుంది.

టైలరమ్మ మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. "నా కళ్ళలోకి చూసి చెప్పండి. దానికేం లేదనే అనుకుంటున్నారా మీరు?"

మాస్టారు తలెత్తి చూశారు. ఎప్పుడూ చూసేలాగే, రెప్ప వెయ్యకుండా, తిన్నగా. పెళ్ళయిన కొత్తలో ఆయన అలా చూస్తే నుదుటి మీద ఏదో అంటుకుందేమోనని ఆమె తుడుచుకునేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు కూడా చెయ్యి నుదుటి దాకా వెళ్ళొచ్చింది.

"నాకు భయంగా ఉందే," అన్నారాయన.

ఆమె కింద పడ్డ దువ్వెన తీసి పిల్ల జడ ముగించింది.

*

ముగ్గురూ కారెక్కారు. అది స్కూలు కారే. నెత్తిన బోర్డుంటుంది, లోపల మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకుంటుంది. ఇవాళ ఆయన నడుపుతున్నారు కాబట్టి ఆ బ్రేకున్న వైపు టైలరమ్మ కూర్చుంది. దానికి కాలు తగలకుండా ముడుచుకుని కూర్చుంది.

వెనక సీట్లో గువ్వ పిడికిట్లో ఏదో పట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. పిడికిట్లో ఉన్నది పెద్ద కోటు గుండీ. అది లేకుండా గుమ్మం దాటదు.

"ఇంకేం నేర్పారు?" అంది టైలరమ్మ.

"హలో చెప్పడం. బొమ్మనిస్తే నిద్రపుచ్చడం. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే అయ్యో పాపం అనడం." ఆయన గేరు మార్చారు. "ఇంకొకటి కూడా చెప్పాను. వెనక సీట్లో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం కదా. మరీ కష్టంగా ఉంటే నా కాలు తొక్కమ్మా, నేను ఆపేస్తాను అన్నాను. నా స్టూడెంట్లకి చెప్పేదే అది. భయపడకండి, నా వైపు కూడా బ్రేకుంది అని."

"నాన్న వైపు బ్రేకు," అంది వెనకనుంచి గువ్వ, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

"తొక్కేదా?" అంది టైలరమ్మ.

"మొదట్లో రెండో మాటకే తొక్కేసేది. ఈ వారం ఒక్కసారీ తొక్కలేదు." ఆయన గొంతులో గర్వం దాగలేదు.

ఆ గర్వం చూస్తే టైలరమ్మకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. పిల్ల కోసం ఈయన పడ్డ పాట్లు ఇంకే తండ్రి పడతాడు? అని ఒక పక్క. పీకల దాకా ముంచాడు కదా! అని ఇంకో పక్క.

"ఇదంతా క్లినిక్కులో ఆవిడకి చెప్పాలండీ."

"చెప్పకే."

"నేను చెప్పను. నేను చెప్తే మీ మీద చాడీలు చెప్పినట్టుంటుంది. మీరే చెప్పండి."

మాస్టారు అద్దంలో చూసి, సిగ్నలిచ్చి, మలుపు తిప్పారు.

*

క్లినిక్కు కళ్ళజోళ్ళ షాపు మీద, రెండో అంతస్తులో ఉంది. గోడల నిండా రంగులూ బొమ్మలూ ఉంటాయనుకుంది టైలరమ్మ. ఏమీ లేవు. తెల్లగోడలు, మెత్తటి చాప, చప్పుడు చెయ్యని గడియారం. పిల్లల్ని పరీక్షించే సైకాలజిస్టుని అక్కడ అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఒంటి మీద గలగలలాడే నగ లేదు, సెంటు వాసన లేదు. ఈ గదికొచ్చే పిల్లలకి ఏం పడవో తెలిసిన మనిషి.

గది మధ్యలో చిన్న బల్ల ఉంది. గువ్వని ఒక పక్క కూర్చోబెట్టి ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"మీరిద్దరూ ఆ గోడ దగ్గర కూర్చోండి," అంది. "మాట సాయం వద్దు. పాప మీవైపు చూసినా సరే."

"నేను పాప పక్కన కూర్చుంటానండి. పక్కనుంటే దానికి కొంచెం..."

"వద్దండి. అక్కడ చాలు."

మాస్టారు వెళ్ళి గోడ దగ్గర కూర్చున్నారు. కుర్చీ అంచుకి జరిగి, మెడ చాచి చూస్తున్నారు. ఎంతమందిని పరీక్షలకి పంపించాడో ఆ మనిషి, ఒక్కనాడూ ఇలా కంగారుపడలేదు.

గువ్వ తల ఎత్తింది. డాక్టరమ్మని తిన్నగా చూసింది. "హలో. బాగున్నారా? నా పేరు గువ్వ. నాకు బొమ్మలంటే ఇష్టం. మీకేమంటే ఇష్టం?"

"నాకు మొక్కలంటే ఇష్టం," అంది డాక్టరమ్మ. గువ్వ నవ్వింది. ఎంతవరకు నవ్వాలో అంతవరకే నవ్వింది.

బొమ్మ బల్ల మీదకి వచ్చింది. బొమ్మకి నిద్రొస్తోందంటే గువ్వ గుడ్డ కప్పి జోకొట్టింది. బొమ్మకి దెబ్బ తగిలిందంటే "అయ్యో పాపం" అంది. ఒక్కటి తప్పితే ఒట్టు! మాస్టారు కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. ఛాతీ కాస్త పొంగింది కూడా.

టైలరమ్మ మాత్రం డాక్టరమ్మ చేతినే చూస్తోంది. పెన్ను కాగితం మీద కదులుతూనే ఉంది. ఏం రాస్తోంది ఆవిడ? పిల్లకేమీ లేదనే రాస్తుంది, ఇంకేం రాస్తుంది? రేపు మళ్ళీ బడిగంట కొడతారు. మళ్ళీ బల్ల కిందకి పోతుంది. ఈసారి ఆ బల్ల కూడా ఉండదు.

"చెప్పండి," అంది మొగుడి చెవిలో.

ఆయన చూపు బల్ల కింద ఆగిపోయింది.

బల్ల పైన గువ్వ నవ్వుతోంది. బల్ల కింద గువ్వ కుడికాలు నేల మీద దేవులాడుతోంది. ఇటు జరిగి నేలని తొక్కుతోంది. అటు జరిగి మళ్ళీ తొక్కుతోంది. మొదట ఆయన విసుగేమో అనుకున్నారు. పిల్ల కదా, ఎంతసేపని కూర్చుంటుంది అనుకున్నారు. తర్వాత ఆ కాలు కుర్చీ పక్కకి, తాను కూర్చోవలసిన చోటికి చాచుకుని, గట్టిగా, ఇంకా గట్టిగా తొక్కింది.

అది నాన్న కాలిని వెతుక్కుంటోంది.

ఎప్పటినుంచి వెతుక్కుంటోందో! హలో అన్నప్పటినుంచేనేమో! పైన మొహం మాత్రం నేర్పింది నేర్పినట్టే నవ్వుతోంది.

"నాకు బొమ్మలంటే ఇష్టం," అంటోంది గువ్వ.

మాస్టారి కుడికాలు దానంతటదే నేలకేసి తొక్కుకుంది, అక్కడ బ్రేకున్నట్టు.

"ఆపండి!"

ఆయన లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. ఆ చప్పుడుకి గువ్వ చెవులు మూసుకుని గావుకేక పెట్టింది. ఆయన మోకాళ్ళ మీద బల్ల కిందకి దూరిపోయి, తన అరచెయ్యి తీసుకెళ్ళి ఆ చిన్న బూటు కింద పెట్టారు.

"తొక్కు తల్లీ. ఇక్కడే ఉన్నాను. తొక్కేయ్. ఆపేశాను, అంతా ఆపేశాను."

గువ్వ తొక్కింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. ఆయన చెయ్యి తియ్యలేదు.

"నేనే నేర్పానండీ," అన్నారు బల్ల కిందనుంచే, ఏడుస్తూ. "మొదటినుంచీ అంతా నేను నేర్పిందే. దానికి బొమ్మలంటే పడదు. గుండీలంటే ఇష్టం. నా పిల్లకి నేను... క్షమించండి. దాన్ని మళ్ళీ చూడండి. ఇదంతా కొట్టేసి మళ్ళీ చూడండి."

టైలరమ్మ కూడా లేచి వచ్చింది. మొగుణ్ణి తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియక ఆయన వీపు మీద చెయ్యేసి నిలబడింది.

డాక్టరమ్మ లేచి సగం దీపాలు ఆర్పింది. తర్వాత, ఆ వయసులో ఆవిడకి కష్టమే, గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. గువ్వ కుర్చీ దిగి బల్ల కిందకి వచ్చి తండ్రి పక్కన ముడుచుకుంది. సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఎవరూ ఆపలేదు.

చాలాసేపటికి పిడికిలి విప్పింది. కోటు గుండీ తీసి డాక్టరమ్మ మోకాలి మీద పెట్టింది.

"నాలుగు," అంది.

"నాలుగు చిల్లులు," అంది డాక్టరమ్మ. "మరి నా చొక్కా గుండీలకి?"

గువ్వ ఆవిడ మొహం చూడలేదు. గుండీల్ని చూసింది, ఒక్కొక్కటీ, మెడ దగ్గరనుంచి కింది దాకా. "రెండు. రెండు. రెండు. నాలుగు." ఆఖరిదాని దగ్గర వేలు పెట్టి ఆగింది. "ఇది వేరే."

డాక్టరమ్మ చొక్కా పట్టుకుని చూసుకుంది. "అవును సుమా! ఎప్పుడో ఊడిపోతే కుట్టించాను. ఇన్నాళ్ళూ చూసుకోనే లేదు."

"నా దగ్గరికి తెచ్చి ఉంటే జత కలిపి కుట్టేదాన్ని," అంది టైలరమ్మ, కన్నీళ్ళు తుడుచుకుంటూనే. ముగ్గురు పెద్దవాళ్ళూ నవ్వారు. గువ్వ నవ్వలేదు. దానికి పని ఉంది, చాప అంచున పోగులు సరిచేస్తోంది.

*

"కొట్టెయ్యాల్సిన పనేం లేదండీ," అంది డాక్టరమ్మ, పెద్దవాళ్ళు మళ్ళీ కుర్చీల్లోకి చేరాక. గువ్వ బల్ల కిందే ఉండిపోయింది. "నేర్పించి తెచ్చారని నాకు మొదట్లోనే అర్థమైంది. కష్టాన్ని ఎంత లోపలికి దాచుకోగలదో చూద్దామని కొనసాగించాను. కాలు చూడనిది మాత్రం నేనే. అది మీరు చూశారు. ఆడపిల్లలు చాలామంది ఇలాగే దాచుకుంటారు. బళ్ళో దాచుకుని, ఇంటికొచ్చి కుప్పకూలిపోతారు."

"మరి రిపోర్టు?" అంది టైలరమ్మ.

"ఇంకొక్కసారి తీసుకురండి. గుండీల పెట్టెతో సహా తీసుకురండి. అప్పుడు చెప్తాను. ఈలోపు నేర్పడం మాత్రం వద్దు."

"ఛ, ఛ, ఇంక ఆ జోలికే పోనండీ," అన్నారు మాస్టారు. అరచేతి మీద బూటు అచ్చు ఎర్రగా పడింది. దాన్ని నిమురుకుంటున్నారు.

డాక్టరమ్మ ఆయన్ని కాసేపు చూసింది. "ఒక్క సంగతి అడగనా? పాప నా కళ్ళలోకి చూడలేదు. కనుబొమ్మల మధ్య చూసింది. అది మీరు నేర్పిందేనా?"

"అవునండీ."

"అలా చూడాలని మీకెవరు చెప్పారు?"

"చెప్పడమేమిటండీ?" మాస్టారు నవ్వారు. "అందరూ చూసేది అలాగే కదా. చిన్నప్పుడు మా అమ్మ నాకు నేర్పింది. అందరి అమ్మలూ నేర్పుతారు. కళ్ళలోకి ఎవరు చూడగలరండీ? తల తిరిగిపోదూ?"

ఎవరూ నవ్వలేదు.

ఆయన డాక్టరమ్మని చూశారు. పెళ్ళాన్ని చూశారు. "కాదా?" అన్నారు.

టైలరమ్మ చెయ్యి నుదుటి మీదకి వెళ్ళింది. ఈసారి తుడుచుకోలేదు. అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ అంటుకున్నదేమీ లేదన్నమాట. ఇన్నేళ్ళూ ఈ మనిషి తన మొహంలోకి చూడటానికి అంత కష్టపడ్డాడన్నమాట! పొద్దున తాను 'నా కళ్ళలోకి చూసి చెప్పండి' అన్న మాట గుర్తొచ్చింది ఆమెకి.

"కాదండీ," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "అందరూ అలా చూడరు. మీకిష్టమైతే, పాప గురించి కాకుండా మీ గురించి కూడా కొంచెం మాట్లాడుకుందామా? మీ చిన్నతనం గురించి. ఇష్టమైతేనే సుమా."

మాస్టారి మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. పరీక్షకి వచ్చిన కొత్తవాళ్ళని ధైర్యపరిచేటప్పుడు నవ్వే నవ్వు అది, రోజూ నవ్వేదే.

టైలరమ్మ కాలి మీద ఏదో బరువు పడింది. కిందకి చూసింది. మాస్టారి కాలు. మెల్లగా తొక్కింది. కాసేపాగి మళ్ళీ తొక్కింది.

ఆమెకి అర్థమైంది. ఆపెయ్యమంటున్నాడు. కానీ ఆమెకి వినాలని ఉంది. ఈ మనిషిని ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు అడిగారు, ఆయన ఏం చెప్తాడో వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు. నోరూ విప్పలేదు.

బల్ల కిందనుంచి గువ్వ తల బయటికి వచ్చింది. ఆ పిల్ల చూపు వాళ్ళ కాళ్ళ మీద ఉంది.

"అమ్మా," అంది. "నాన్న తొక్కాడు. ఆపు."

ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు.

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టి, టైలరమ్మ వైపు చూస్తూ కూర్చుంది.